పడని మందు

జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి. 1970ల మొదట్లో ఒక రాత్రి.

కాన్పయిన నాలుగో రోజు పిల్లతల్లిని ఎద్దులబండిలో పడుకోబెట్టుకుని తెచ్చారు. కొండాపురం పక్క పల్లె. ఇరవై ఏళ్ళు నిండలేదు. ఒళ్ళు కాలిపోతోంది. నర్సమ్మ పెన్సిలిన్ సూది వేసింది. అయిదు నిమిషాలు గడవకముందే ఒంటినిండా దద్దుర్లు లేచాయి, పెదవులు ఉబ్బాయి, ఊపిరి గీరుకుంటూ లోపలికి పోయి బయటికి రానంది. కేకలు, పరుగులు, అడ్రినలిన్, ఆక్సిజన్. తెల్లవార్లూ మంచం పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. బతికింది.

ఇంటికి పంపే రోజున నర్సమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుని చెప్పింది. "ఈ సూది నీకు పడదమ్మీ. యాడికి పోయినా, యా డాక్టరు ముందర కూసున్నా, మొదట ఈ మాట చెప్పాల. మర్సిపోతే పానానికొస్తాది."

ఆమె మర్చిపోలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఊరి ఆరెంపీకి చెప్పింది, పన్ను పీకే డాక్టరుకు చెప్పింది, మోకాళ్ళ నొప్పులకు పోయిన ప్రతిచోటా చెప్పింది. "నాకు సూది పడదు సామీ." ఆమె మనసులో నిలిచింది సూది. సూదిలో ఉన్న మందు పేరు ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. రాసిచ్చినా చదువు రాదు.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ పిల్లతల్లే ఈ కథలో జేజి, కానీ ఆమె ఒక్క మనిషి కాదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల మధ్య చీటీల సంచి పట్టుకుని తిరిగే ఎందరి దారులో కలిపి అల్లిన మనిషి ఆమె. ఆమె చుట్టూ ఉన్నవాళ్ళూ, వాళ్ళ మాటలూ అంతే, అందుకే ఎవరికీ పేర్లు పెట్టలేదు. ఊళ్ళు, పథకాలు, తేదీలు, నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

క్యాంబెల్ ఆసుపత్రి లండన్ మిషనరీ సొసైటీ కాలం నాటిది. 19వ శతాబ్దం చివర ఈ పెన్న ఒడ్డుకు వచ్చిన మిషనరీ డాక్టరు క్యాంబెల్ పేరే దానికి నిలిచింది. మన కథలో పిల్లతల్లి ఆ మంచం మీద పడుకున్న రోజులకు కాస్త అటూ ఇటూగా గుల్బర్గాలో ఎంబీబీఎస్ చదివి వచ్చిన ఒక కుర్ర డాక్టరు కూడా ఇక్కడ పనిచేశాడు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరుమీద 70 పడకల ఆసుపత్రి పెట్టాడు. రూపాయి డాక్టరని జనం పిలుచుకున్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి.

ముఖ్యమంత్రి అయ్యాక ఆయన పెట్టిన ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై 2008కల్లా రాష్ట్రమంతా పాకింది. దాని రాజకీయం చాలామంది రాశారు. నన్ను పట్టి ఆపేది దాని కంప్యూటరు తెర. ఈ కడప జిల్లా పల్లెజనానికి సంబంధించి, ఏ ఊళ్ళో నింపినా ఒకే తీరుగా ఉండే రోగి రికార్డు పెద్ద ఎత్తున పుట్టింది బహుశా అక్కడే.

అబ్బకు గుండెనొప్పి వచ్చింది ఆ తర్వాతి ఏడాదే. అబ్బంటే జేజి పెనిమిటి. తిరుపతికి తీసుకుపోయారు. ఆసుపత్రి వాకిట్లో బల్ల వేసుకుని ఆరోగ్యమిత్ర కూర్చునుంది.

"తెల్లకార్డు తెచ్చినారా?"

"తెచ్చినాం తల్లీ."

"పెద్దాయనా, ఇట్ల చూడు. ఫొటో తీయాల."

ఆ ఫొటో, రేషన్ కార్డు నంబరు, యాంజియోగ్రామ్, డాక్టరు రాసిన రోగం పేరు, దానికి తగిన ప్యాకేజీ కోడు అన్నీ హైదరాబాదులోని ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పోయాయి. అక్కడ డాక్టర్లు చూసి సరేనంటేనే ఆపరేషన్. తొమ్మిది వందలకు పైగా చికిత్సలు, ఒక్కోదానికి ఒక్కో కోడు, ఒక్కో ధర. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభైవేలు. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఫొటో.

"చొక్కా గుండీలు ఇప్పు పెద్దాయనా."

"గాటు ఫొటో యాందానికి తల్లీ? సిగ్గు గాదా?"

"కోసినట్టు సాక్ష్యం ఉండాల కదా. ల్యాకుంటే ఆసుపత్రికి దుడ్డు రాదు."

ఆమె చెప్పింది పచ్చినిజం. ఆ రికార్డు పుట్టింది బిల్లు కోసం. కోడు సరిగ్గా పడకపోతే డబ్బు ఆగుతుంది కాబట్టి కోడు సరిగ్గా పడింది. ఫొటో లేకపోతే డబ్బు ఆగుతుంది కాబట్టి ఫొటో ఉంది. మనిషికి ఏ మందు పడదో రాయకపోయినా ఏ రూపాయీ ఆగదు.

అలాగని తీసిపారేయడానికీ లేదు. కోడ్లున్నందువల్లే ఏ చికిత్స ఎక్కడ ఎన్నిసార్లు జరిగిందో లెక్క తీయడానికి వీలైంది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లు చేస్తున్నారని 2009లో డాక్టర్లే అధ్యయనం చేసి బయటపెట్టారు. 2011లో ప్రభుత్వం 133 చికిత్సలను ప్రైవేటు జాబితాలోంచి తీసి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. గర్భసంచి తొలగింపు వాటిలో ఒకటి. ఒకే తీరున రాస్తే తప్పు కూడా లెక్కకు దొరుకుతుంది. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు గిలికిన చీటీల్లో ఏదీ దొరకదు.

అబ్బ ఇంటికొచ్చాడు. నెలకొకసారి ఊళ్ళోకి 104 బండి వచ్చేది. వేపచెట్టు కింద ఆగేది. నర్సమ్మలు బీపీ చూసేవాళ్ళు, ఫార్మసిస్టు మాత్రలిచ్చేవాడు, ఒక కుర్రాడు ఆ వివరాలన్నీ రాసుకుని కంప్యూటరులోకి ఎక్కించేవాడు.

"పెద్దాయనా, గుండెకేమన్నా ఆపరేషన్ అయ్యిందా?"

"అయ్యింది నాయనా. మీ కంప్యూటర్లో ల్యా?"

"అది ఆరోగ్యశ్రీ వాళ్ళది. ఇది 104ది."

రెండూ ఒకే ప్రభుత్వానివి, ఒకే ముఖ్యమంత్రి తెచ్చినవి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సుకు మళ్ళీ తనదైన రికార్డు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, 104 బండ్లు నడిపే సంస్థలు మారాయి. 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కొత్తవి 1,088 వాహనాలు వరుస కట్టాయి. బండి కొత్తదైనప్పుడల్లా అడిగేవాళ్ళు పాత ప్రశ్నలే అడిగారు. జేజి పాత జవాబులే చెప్పింది. అబ్బ అప్పటికే కాలం చేశాడు.

అదే ఏడాది గండికోట జలాశయంలో నీళ్ళు పెంచారు. తాళ్ళప్రొద్దుటూరు, దాని చుట్టుపక్కల ముంపు పల్లెలు ఖాళీ అవుతున్న రోజులు. ట్రాక్టర్ల మీద బీరువాలు, మంచాలు, కోళ్ళ గంపలు. జేజి ఇంటి అటక మీద రేకుపెట్టె ఒకటుంది. అందులో అబ్బ డిశ్చార్జి కాగితాలు, జేజి షుగరు చీటీలు, తీగెకు గుచ్చిన మందుల బిల్లులు, ఎక్సరేలు. పెట్టె ట్రాక్టరెక్కిందో లేదో ఎవరికీ గుర్తులేదు. పునరావాస కాలనీలో దించినప్పుడు మాత్రం లేదు. పరిహారం కాగితాలు భద్రంగా వచ్చాయి. వాటిని జేజి చీరకొంగున కట్టుకుని వచ్చింది మరి.

ఆ తర్వాత ఆమె ప్రొద్దుటూరులో మనవడి దగ్గరికి చేరింది. మనవడు బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడు.

పెద్ద కూతురు కువైట్లో ఉంటుంది. క్యాంబెల్ ఆసుపత్రిలో తల్లి చావు తప్పించుకున్న నాడు పక్కన గుడ్డల్లో చుట్టి పడుకోబెట్టిన బిడ్డ ఆమే. కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు వెతకాలి. ఇళ్ళలో పనిచేసి, పిల్లల పెళ్ళిళ్ళు చేసి, తనకూ షుగరు తెచ్చుకుంది. సెలవుకొచ్చినప్పుడు అక్కడి రిపోర్టు మేనల్లుడి చేతిలో పెట్టింది. ఫాస్టింగ్ 9.0 అని ఉంది.

"అత్తా, తొమ్మిదా! తొమ్మిదుంటే మనిషి లేసి నిలబడగలడా?"

"ఆడి డాక్టరు ఎక్కువుందన్యాడబ్బీ."

ప్రొద్దుటూరు ల్యాబులో కుర్రాడు నవ్వి క్యాలిక్యులేటర్ తీశాడు. కువైట్లో గ్లూకోజును లీటరుకు మిల్లీమోళ్ళలో లెక్కిస్తారు, మనం డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. పద్దెనిమిదితో హెచ్చవేయాలి. 9 అంటే 162. క్రియాటినిన్ అయితే ఇంకా దూరం. మనకు 1 ఉన్నది అక్కడ 88 అవుతుంది. కిడ్నీ కాగితం మీద 88 చూసి గుండె ఆగినంత పనైన ఇళ్ళు ఈ జిల్లాలో ఎన్ని ఉంటాయో.

మనవడికి ఇది విచిత్రంగా తోచింది. అతని అంగట్లో గాజు తీసి చూస్తే 916 అని ఉంటుంది. అది ప్రొద్దుటూరులో ఇరవైరెండు క్యారెట్లే, కువైట్లోనూ ఇరవైరెండే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు వేసిన ప్రతి నగ మీదా ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కూడా ఉండాలి. ఫోనులో కొడితే నగ ఎక్కడ పరీక్షకు పోయిందో, స్వచ్ఛత ఎంతో వచ్చేస్తుంది. నగను ఏ ఊరి కంసాలి చేతికిచ్చినా చదవగలడు. వేసుకున్న మనిషినే చదవలేరు.

మనిషినీ అలా చదివించే పని ఎవరూ తలపెట్టలేదని కాదు. కేంద్ర ఆరోగ్యశాఖ 2013లోనే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ప్రకటించి, 2016లో వాటిని సవరించింది. 2014లో మనదేశం స్నోమెడ్ సీటీ అనే వైద్య పదకోశాన్ని నడిపే సంస్థలో సభ్యత్వం తీసుకుంది. దేశంలో ఏ ఆసుపత్రి అయినా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. పుణె సీడాక్‌లో దీనికోసమే జాతీయ కేంద్రం ఉంది. 2019లో వచ్చిన జాతీయ డిజిటల్ ఆరోగ్య బ్లూప్రింటును తయారుచేసిన కమిటీకి అధ్యక్షుడు మన రాష్ట్ర కేడర్ విశ్రాంత ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులను కంప్యూటరీకరించిన కార్డ్ ప్రాజెక్టు నడిపినాయన. పొలం దస్తావేజు మొదట కంప్యూటరెక్కి, మనిషి ఒంటి సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత వంతుకు రావడం మన ప్రాధాన్యాల వరుసకు తగ్గట్టే ఉంది.

2020 ఆగస్టు 15న ఆ బ్లూప్రింటు అమలు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలైంది. పుదుచ్చేరి అందులో ఉంది కాబట్టి మన యానాం కూడా ఉన్నట్టే. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అన్నారు. మనిషికొక 14 అంకెల ఆభా నంబరు.

జేజికి ఆ నంబరు ఇచ్చిన పూట ఇంట్లో చిన్న రభస. ఏఎన్ఎమ్ ట్యాబ్ పట్టుకుని వచ్చింది.

"ఆధార్‌కు యా ఫోన్ నంబరిచ్చినారవ్వా?"

"ఫోనా? మా పెద్దపాపదే ఇచ్చింటారు."

"ఆయమ్మ యాడుంది?"

"కువైట్లో."

"అబ్బో. ఓటీపీ ఆడికి పోయింటాది."

కువైట్లో అప్పుడు ఆమె యజమాని ఇంట్లో వంట చేస్తోంది. ఇండియా సిమ్ ఎప్పుడో మూలన పడింది. ఆధార్ కేంద్రానికి పోయి నంబరు మార్చుకుని, పనయ్యేసరికి నెల పట్టింది. రోగి సమ్మతి లేకుండా రికార్డు కదలకూడదన్న నియమం చాలా గొప్పది, అందులో సందేహం లేదు. ఆ సమ్మతి ఇంటికొక్క ఫోనున్న చోట, ఆ ఫోను వేరొకరి జేబులో ఉన్న చోట ఎవరి సమ్మతి అవుతుందో ఢిల్లీలో రాసినవాళ్ళు ఒకసారి కొండాపురం వైపు వచ్చి చూడాల్సింది.

పేరు సంగతి వేరే. రేషన్ కార్డులో లక్ష్మీదేవి అని ఉంటే, ఆధార్‌లో లక్ష్మిదేవమ్మ అని, ఆసుపత్రిలో ఇంటిపేరు మొదటి అక్షరం ముందొకసారి, వెనకొకసారి పడే జిల్లా ఇది. వయసు అడిగితే ఫలానా కరువొచ్చినప్పుడు ఇంత ఉన్నానని చేత్తో ఎత్తు చూపిస్తారు. నంబరు రావడం వల్ల ఈ తంటా చాలావరకు తీరింది. ఇప్పుడు ఆసుపత్రి గోడమీద క్యూఆర్ కోడును ఫోనుతో చూపిస్తే పేరూ వయసూ వాటంతటవే ఓపీ కౌంటరుకు పోతాయి, టోకెన్ వస్తుంది. ముసలివాళ్ళు వరుసలో నిలబడే బాధ తగ్గింది. ఇది చిన్న మేలు కాదు.

2024 వానాకాలం. జేజి పులివెందులలో చిన్నకూతురింట్లో ఉంది. నాలుగు రోజులుగా దగ్గు, జ్వరం. సాయంత్రం ఒక క్లినిక్‌కు పోయారు. బయట బెంచీల నిండా జనం. డాక్టరు మంచివాడే. స్టెతస్కోపు పెట్టి ఓపిగ్గా విన్నాడు.

"ఛాతీలో ఇన్ఫెక్షన్ ఉండాది."

"సామీ, ముందే చెప్తాండా. నాకు సూది పడదు."

"సూది వెయ్యంలే అవ్వా, భయపడొద్దు. మాత్రలే రాస్తా."

ఇద్దరికీ తృప్తి. ఆమె యాభై ఏళ్ళుగా కాపాడుకున్న మాట చెప్పింది. ఆయన సూదంటే భయపడే ముసలమ్మ మాట మన్నించాడు. చీటీ మీద కంపెనీ పేరు ఒకటి పడింది. మందు పేరు అమాక్సిసిలిన్. పెన్సిలిన్ కుటుంబంలోదే.

అన్నం తిని ఒక మాత్ర వేసుకుంది. పావుగంటకు అరచేతులు దురద. అరగంటకు మొహం ఉబ్బింది.

"అమ్మా, ఏమైతాండాది? మాట్లాడు!"

108 వచ్చింది. బండిలోని ఈఎంటీ కుర్రాడు ఒక్క చూపులో గుర్తుపట్టాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆక్సిజన్ పెట్టి ఉంది. అక్కడ డ్యూటీ డాక్టరమ్మ అడ్రినలిన్ వేస్తూనే అడుగుతోంది.

"ఏం మాత్ర వేసుకుంది? పట్టీ తెచ్చినారా? ఇంతకుముందు ఎప్పుడన్నా ఇట్లయ్యిందా?"

చిన్నకూతురికి తెలీదు. ఆమె పుట్టకముందు సంగతి. ప్రొద్దుటూరు నుంచి మనవడు ఫోనులో ఆభా యాప్ తెరిచాడు. ఉన్నాయి, జేజి పేరుమీద మూడు రికార్డులున్నాయి. మొదటిది పట్టుకుంటే తెరమీదకొచ్చింది ఒక చీటీకి తీసిన ఫొటో. వంకర గీతలు. రెండోది ల్యాబు రిపోర్టు. మూడోది మళ్ళీ చీటీ. అలర్జీ అన్న మాట ఎక్కడా లేదు.

అప్పుడు అతను ఐఎంఓ యాప్‌లో కువైట్‌కు కలిపాడు.

"అత్తా, జేజికేమన్నా మందు పడదా? బిన్నా చెప్పు."

"పెన్సిలిన్ రా! నేను పుట్టినప్పుడు జమ్మలమడుగులో సచ్చి బతికినాదంట. నాకు చిన్నప్పుడు నాయన ఎన్నిసార్లు చెప్పినాడో. ఏం, ఏసినారా యాంది?"

మనవడు చెప్పిన మాటను డ్యూటీ డాక్టరమ్మ కేసుషీటు మీద ఎర్రసిరాతో పెద్దక్షరాల్లో రాసింది. మూడో రోజుకు జేజి లేచి కూర్చుంది.

ఇందులో ఎవరి తప్పని అడిగితే నేను వేలు చూపించలేను. ఏ రికార్డులోనైనా ఒక్క గడి సరిగ్గా నిండి ఉంటే చాలు, ఆ రాత్రి వచ్చేది కాదని మాత్రం చెప్పగలను. పెన్సిలిన్ అలర్జీకి స్నోమెడ్‌లో 91936005 అని ఒక సంఖ్య ఉంది. అది సూదిని చూడదు, మాత్రను చూడదు, కంపెనీని చూడదు. ఆ సంఖ్య పడి ఉన్న రోగికి అమాక్సిసిలిన్ రాయబోతే కంప్యూటరు దానంతటదే ఆపగలదు. మూడున్నర లక్షలకు పైగా ఇలాంటి భావనలు అందులో ఉన్నాయి. ల్యాబు పరీక్షలకు లాయింక్ అని వేరే పద్ధతి. రక్తపు సీరమ్ లేదా ప్లాస్మాలో గ్లూకోజు మిల్లీగ్రాముల్లో అయితే 2345-7, మిల్లీమోళ్ళలో అయితే 14749-6. కువైట్ అత్త రిపోర్టులో ఇలాంటి నంబరు ఉంటే క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. ఈ సమాచారాన్ని ఒక ఆసుపత్రి మూటగట్టి ఇంకో ఆసుపత్రికి పంపే తీరు ఫైర్. మన డిజిటల్ మిషన్ ఎంచుకున్నది దాన్నే.

అయితే ఆ మూటలో ఫొటో పెట్టి పంపడానికీ వీలుంది. పాత కాగితాలను వదిలేయకూడదని పెట్టిన వెసులుబాటు అది. కానీ చాలాచోట్ల ప్రయాణమంతా ఆ వెసులుబాటు మీదే సాగుతోంది. చీటీని ఫొటో తీసి పంపినా రికార్డు అనుసంధానమైనట్టే లెక్క. ఎన్ని నంబర్లిచ్చాం, ఎన్ని రికార్డులు కలిపాం అన్న లెక్కలు ఘనంగా కనిపిస్తాయి. వాటిలో ఎన్నిటిని కంప్యూటరు చదవగలదు అన్న లెక్క అడగాలి. ఫొటోను కంప్యూటరు మోస్తుంది, చదవదు.

మరి టైపు చేసేదెవరు? ప్రొద్దుటూరులో సాయంత్రం ఓపీ చూసే డాక్టరు మనిషికి మూడు నిమిషాలిస్తాడు. అందులో కోడ్లు వెతకమంటే రోగి మొహం చూడడం మానేస్తాడు. ఆరోగ్యశ్రీలో కోడు వేయకపోతే డబ్బు ఆగేది కాబట్టి ఆసుపత్రులు మనిషిని పెట్టి మరీ వేయించాయి. ఓపీలో అలర్జీ గడి నింపితే ఎవరికీ పైసా రాదు, నింపకపోతే పైసా పోదు. నా లెక్కలో చిక్కంతా ఇక్కడే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో కాదు. ఇంగ్లండు కూడా 2002లో దేశమంతా ఒకే రికార్డు అని మొదలుపెట్టి, వందల కోట్ల పౌండ్లు పోసి, 2011లో చేతులెత్తేసింది. పైనుంచి దించిన వ్యవస్థ డాక్టరు పనికి నప్పకపోవడం అక్కడి వైఫల్యానికి ఒక పెద్ద కారణం.

ఇంకో భయం కూడా ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. దేశంలోనే పేరున్న పెద్దాసుపత్రి రోజుల తరబడి మళ్ళీ కాగితం, కలం పట్టింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. గోప్యత పల్లెవాళ్ళకేం పట్టదని పట్నంలో కొందరంటారు. పెళ్ళీడు పిల్లకు మూర్ఛలుంటే ఆ చీటీని పక్క ఊరి మందులంగట్లో కూడా చూపించరు, ఇంకో మండలానికి పోయి కొంటారు. గోప్యత అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాగితాల కాలంలోనే కొన్ని నియమాలున్నాయి, అవి గుర్తుండేది తక్కువమందికి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును డాక్టరు మూడేళ్ళు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2016లో చేర్చిన సవరణ మందు అసలు పేరు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమంది. ప్రమాణం అన్నది అక్కడే మొదలవుతుంది. పెద్దక్షరాలకు కరెంటు కూడా అక్కర్లేదు.

2025 జూలైలో కుప్పంలో టాటాల తోడ్పాటుతో డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. ఊళ్ళో ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రి దాకా ఒకే రికార్డు నడిపించే ప్రయత్నం. అది గాటు ఫొటోను అడుగుతుందో, పడని మందును అడుగుతుందో చూడాలి.

పులివెందుల గండం గడిచిన కొన్నాళ్ళకు జేజిని షుగరు పరీక్షలకని ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. డిశ్చార్జి సమ్మరీ చేతికొచ్చింది. మనవడు మొదటి పేజీ తిప్పి, రెండో పేజీ తిప్పి, కంప్యూటరు ముందున్న కుర్రాడి దగ్గరికి పోయాడు.

"బ్రదర్, ఇందులో పెన్సిలిన్ అలర్జీ అని రాయలేదు."

"మా సాఫ్ట్‌వేర్‌లో అలర్జీకి కాలం లేదు సార్."

"ల్యాకుంటే ఎట్లా? మొన్న పానం మీదికొచ్చింది."

"రిమార్క్స్‌లో కొడతా ఉండండి. ఆభాకు లింకు చేయాలంటే ఓటీపీ చెప్పాల."

ఓటీపీ ఈసారి మనవడి ఫోనుకే వచ్చింది. పక్కన కుర్చీలో కూర్చున్న జేజి ఇదంతా వింటూ చేతి మీది పచ్చబొట్టు రుద్దుకుంటోంది. మోచేతి నుంచి మణికట్టు దాకా చిన్నప్పుడు పొడిపించిన తేలు, చుక్కలు, తమ్ముడి పేరు.

"ఇంతమందిని బతిమిలాడేది యాలబ్బీ? ఈడ చోటుండాది. ఆ మందు పేరు పచ్చబొట్టు పొడిపిస్తే పోదా? యా డాక్టరైనా చెయ్యి పట్టుకుని చూస్తాడు గదా."

కుర్రాడు కీబోర్డు మీద చేతులాపి నవ్వాడు.

"ఏ పేరు పొడిపిస్తావ్ జేజీ? కంపెనీ పేరా, మందు పేరా?"